నీలం టోపీ, మూడో గది

ఆ సాయంత్రం చిటపటక్క పని ముగించుకుని, బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని, దిగాల్సిన చోటే దిగి, కూరగాయల బండి దగ్గర ఉల్లిపాయలు బేరమాడి, మందుల షాపులో అత్తగారి మోకాళ్ళ మాత్రలు కొనుక్కుని, పద్ధతిగా ఇల్లు చేరింది. ఇందులో చెప్పుకోవాల్సిన వింతేమీ లేదు. తల మీద నీలం రంగు టోపీ ఉంది, అంతే.

టోపీ అంటే ఎండకి పెట్టుకునేది కాదు. పరిశోధనాశాలలో ఎలకల్ని పెంచే గదుల్లోకి వెళ్ళేవాళ్ళు వెంట్రుకలు రాలకుండా పెట్టుకునే పల్చటి టోపీ. అంచుకి ఎలాస్టిక్, నడినెత్తిన ముడతలు, మొత్తం మీద వాన వెలిశాక మొలిచిన పుట్టగొడుగు వాటం. బస్సులో పక్కాయన ఎందుకో లేచి ఆవిడకి రెండు సీట్లూ వదిలేశాడు. రోజూ "ఏరకూడదమ్మా, ఏరకూడదు" అని కసిరే కూరగాయలవాడు ఆ రోజు "నిదానంగా ఏరుకో తల్లీ, తొందరేముంది" అని, తానే నాలుగు మంచివి ఏరిపెట్టి, ఊరికే గుప్పెడు పచ్చిమిరపకాయలు వేశాడు. మందుల షాపతను గొంతు తగ్గించి "ఆపరేషన్ ఎప్పుడైందమ్మా?" అని అడిగాడు. అత్తగారి మోకాళ్ళ సంగతి అనుకుని "ఇంకా కాలేదండీ, ముందు మాత్రలు వాడి చూడమన్నారు" అంది ఆవిడ. అతను కళ్ళు దించుకుని మాత్రలు కవర్లో పెట్టి ఇచ్చాడు. లోకం మెల్లగా బాగుపడుతోందని ఆవిడకి తోచింది.

ఇంట్లో భర్త కుట్టుమిషన్ ముందున్నాడు. దర్జీ కాబట్టి మనిషిని చూసేముందు గుడ్డని చూస్తాడు. నోట్లోని గుండుసూదులు తీసి, "కుట్టు చాలా నాసిరకం" అన్నాడు. అత్తగారు మాత్రం తలుపు దగ్గరికొచ్చి నిలబడి, కోడల్ని తనివితీరా చూసి, "కిరీటం ఎవరు పెట్టారే?" అంది. చిటపటక్క తల తడుముకుంది. జబ్బుమనిషి అనుకుని దారిపొడుగునా జనం చేసిన మర్యాదంతా ఒక్కసారి గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. టోపీ లాగి గోడకేసి కొట్టింది. పల్చటి గుడ్డ కదా, గోడదాకా కూడా పోకుండా నిదానంగా కింద వాలింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు చూస్తే టోపీ పాలగిన్నె మీద ఉంది. అచ్చం కొలిచి కుట్టినట్టు అమరింది.

"అత్తయ్యా! అది ఎలకల మేడలోది!"

"ఉతికాను. ఎలకల రోగాలు మనుషులకి రావని నువ్వే చెప్పావుగా. ఇన్నేళ్ళ నీ ఉద్యోగంలో ఇంటికి పనికొచ్చిన వస్తువు ఇదొక్కటే" అంది పెద్దావిడ. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు.

అక్కడితో అయిపోవాల్సిన సంగతి. కానీ ఉల్లిపాయలు కొన్న ఆ సాయంత్రమే బజారులో కారాపి టీ తాగుతున్న పెద్దసారు, ఆవిడ పనిచేసే పరిశోధనాశాలలో పరిశోధకుడు, ఆ టోపీని చూశాడు. మర్నాడు ఆఫీసులో అందరికీ నటించి చూపించాడు కూడా. ఉల్లిపాయ ఎలా ఎత్తి చూసిందో, టోపీ ఎలా ఊగిందో. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, కసురుకుని వెళ్ళిపోయింది. పేరే చిటపటక్క. ఆవిడ కసరకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అడుగుతారు.

పరిశోధనాశాల వెనక ఉన్న ఆ రెండంతస్తుల భవనాన్ని బోర్డు మీద ఏమని రాసినా అందరూ ఎలకల మేడ అనే అంటారు. పెళ్ళైన కొత్తలో, కాన్పుకి వెళ్ళిన ఒక చుట్టం బదులు నాలుగు రోజులు చేయడానికి వచ్చింది చిటపటక్క. మొదటి రోజు ఒక తెల్ల చిట్టెలుక చేతి మీద నడిస్తే బల్లెక్కి, మధ్యాహ్నం దాకా దిగలేదు. ఆ చుట్టం మళ్ళీ పనికి రాలేదు. ఈవిడ బల్ల దిగి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు జుట్టు నెరిసింది. ఎలకల్ని తిడుతుంది, పెట్టెల మూతల్ని తిడుతుంది, చేతులు కడుక్కోకుండా లోపలికి తొంగిచూసే పరిశోధకుల్ని పేరుపెట్టి మరీ తిడుతుంది. కానీ ఆ చేతుల్లోకి వచ్చిన ఎలకపిల్ల గింజుకోదు. అది అందరూ ఒప్పుకునే మాట.

మూడో గది ఆవిడ సొంతం అన్నట్టు ఉండేది. అందులో వంకరతోకలు ఉండేవి. తోక చివర చిన్న మెలిక తిరిగిన ఎలకల సంతతి అది. పెద్దసారు పరిశోధనంతా వాటిమీదే. వాటి ముత్తవ్వల ముత్తవ్వల్ని పెంచింది ఈవిడే.

ఎలకల మేడలో ఒక కట్టుబాటుంది. బయటి నుంచి వచ్చిన ఎలకలు ముందు మేడ చివరి గదిలో విడిగా ఉండాలి. దాన్ని అతిథి గది అంటారు. వాటికి ఏ రోగం లేదని పరీక్షల్లో తేలాకే మిగతా గదుల్లోకి. టోపీ సంగతి జరిగిన ఆ వానాకాలంలోనే పెద్దసారు స్నేహితుడొకాయన ఇంకో ఊరి పరిశోధనాశాల నుంచి ఒక పెట్టెడు ఎలకల్ని పంపాడు. నిగనిగలాడుతూ, కడుపునిండా తింటూ ఉన్నాయి. వాటిలో ఒక తల్లి అతిథి గదిలోనే ఈనింది. తొలిచూలు. ఏం చేయాలో దానికి తోచలేదు. పిల్లల్ని గూట్లో పెట్టకుండా మూలకొకటి విసిరేసి తిరుగుతోంది.

పెద్దసారు తలుపు అద్దంలోంచి చూసి కంగారుపడ్డాడు. "ఈ పిల్లలు పోతే నా పని మొత్తం మొదటికొస్తుందమ్మా. మూడో గదిలో పాలిచ్చే తల్లి ఉందిగా? దాని కిందకి చేర్చు. నీ హస్తవాసి చూపించు."

"అతిథి గదివి మూడో గదిలోకా? ఇంకా పరీక్షలే కాలేదు సార్."

"ఏమొస్తుందేంటి? కాలేయం జబ్బు వైరసేగా నీ భయం? అది మన ఎలకలకి ఎప్పుడో వచ్చి పోయింది. ఒంట్లో నిరోధకశక్తి ఉంది. మళ్ళీ రాదు. నేను చెప్తున్నాగా."

ఆయన చెప్పాడు కాబట్టి చేసింది అనడం సగం నిజం. పరాయి పిల్లల్ని తల్లి కిందకి చేర్చడమంటే ఆవిడకి ప్రాణం. అది మిగతా సగం. పెంపుడుతల్లిని కాసేపు పక్క పెట్టెలోకి మార్చింది. దాని గూట్లోంచి గుప్పెడు చెక్కపొట్టు తీసి, వచ్చిన పిల్లల ఒంటికి మెల్లగా రాసింది. పాత వాసన పోయి కొత్త అమ్మ వాసన అంటాలి. తర్వాత వాటిని దాని సొంత పిల్లల మధ్య కలిపేసి, తల్లిని వదిలింది. తల్లి ఒక్కొక్కదాన్నీ మూతితో వాసన చూసింది. నచ్చకపోతే కొరికేస్తుంది. కాసేపటికి తల్లి అన్నిటినీ కడుపు కిందకి లాక్కుని పడుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఎంత గిల్లినా కోడలు కసరలేదు. "జ్వరమేమైనా తగిలిందేమో చూడరా" అంది అత్తగారు కొడుకుతో.

ఆ వారంలోనే మూడో గదిలో పిల్లలు జబ్బుపడ్డాయి.

పాలు తాగిన ఎలకపిల్ల పొట్టలో, పల్చటి చర్మం కింద, పాలమచ్చ తెల్లగా కనిపిస్తుంది. ఆ మచ్చ చూసుకుంటే ఆవిడకి రోజు గడిచినట్టే. ఆ పొద్దున మచ్చ లేదు. తోకల చుట్టూ పసుపుపచ్చటి నీళ్ళ విరేచనం అంటుకుని ఎండింది. చర్మం ముడతలుపడింది. వచ్చిన పిల్లలు ముందు పోయాయి, తర్వాత పెంపుడుతల్లి సొంత పిల్లలు, తర్వాత పక్క పెట్టెలోవి, ఆ పక్క పెట్టెలోవి. తల్లులు మాత్రం దిట్టంగా ఉన్నాయి. చచ్చిన పిల్లల పక్కనే కూర్చుని మేత కొరుకుతున్నాయి. వాటి ఆరోగ్యం చూస్తే ఒళ్ళు మండింది ఆవిడకి. "తినండే! మెక్కండి! సిగ్గులేని మొహాలు!" అని అరిచింది. అరుస్తూనే మేత నింపింది.

పెద్దసారు వచ్చి అద్దంలోంచి చూశాడు. మొహం నల్లబడింది. వరండాలో పదిమంది ఉండగా వెనక్కి తిరిగి అన్నాడు.

"ఇంకెక్కడి నుంచి వస్తుంది? ఎలకల మేడలో టోపీ పెట్టుకుని బజారంతా ఊరేగితే రాదా? నా కళ్ళారా చూశాను. ఆ టోపీతోనే మర్నాడు లోపలికి వచ్చుంటుంది. ఇంట్లో చుంచెలకలుంటాయి, వాటి మురికి మోసుకొచ్చింది. సోమవారం నుంచి ఈవిడ మేడ గుమ్మం తొక్కక్కర్లేదు. సీసాలు కడిగే గదికి పంపండి."

నవ్వించిన టోపీయే ఇప్పుడు నేరమైంది. మొన్న ఆ టోపీ కథకి పడిపడి నవ్విన వాళ్ళంతా ఇప్పుడు నేలచూపులు చూశారు. చిటపటక్క నోరు తెరిచింది. పిల్లల్ని మార్చిన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకాగిందో ఆవిడకి తెలుసు. ఆ మాట చెబితే మార్చిన చేతులు ఎవరివని అడుగుతారు. తెలిసినందుకే కోపం రెట్టింపైంది. "మా ఇంట్లో చుంచెలకలు లేవు!" అని మాత్రం అరవగలిగింది. అంత కోపంలో అంత చిన్న మాట బయటికొచ్చినందుకు దారిపొడుగునా తన్ను తానే తిట్టుకుంది.

ఇంటికొచ్చి చెప్పుల్ని విసిరింది, సంచీని విసిరింది. దర్జీ మిషన్ ఆపేశాడు.

"నన్ను... నన్ను మురికి మోసుకొచ్చాననడమా! ఆయన చేతులు కడుక్కోకుండా తలుపు పట్టుకుంటే ఎన్నిసార్లు తుడిచాను! ఎలకల మేడలో పని చేసేవాళ్ళ ఇంట్లో ఎలక ఉండకూడదని పిల్లి కూడా తిరగని ఇంట్లో కన్నం కన్నానికీ సిమెంటు పూసిందెవరు?"

"నేను" అన్నాడు దర్జీ.

"పూయించిందెవరు?"

"ఆ మాట నిజమే."

అత్తగారు వంటింట్లోంచి పాలగిన్నెతో సహా వచ్చింది. "టోపీ మర్నాడు తలకెక్కించుకుని వెళ్ళావంటాడా ఆయన? ఇది ఆ రాత్రి నుంచి నా గిన్నె వదల్లేదు. నేను వచ్చి చెప్పనా? మోకాళ్ళు నొప్పైనా వస్తాను. ఆయనకి నాలుగు తగిలించి వస్తాను."

కోడలికి ఏడుపొచ్చింది. అది కూడా కోపంగానే వచ్చింది. "అది కాదత్తయ్యా. టోపీ కాదు..." అని, మిగతాది చెప్పకుండా వెళ్ళి పడుకుంది. భర్త మిషన్ మీద గుడ్డ కప్పి వచ్చాడు. "గుడ్డ తప్పు కత్తిరించినప్పుడు నేనూ ముందు కత్తెరనే తిడతాను" అన్నాడు. ఆవిడ గోడవైపు తిరిగింది.

ఎలకల మేడకి ఒక పశువైద్యురాలుంది. చిన్నమనిషి, మెల్లగా మాట్లాడుతుంది. అందరూ డాక్టరమ్మ అంటారు. మూడో గది నుంచీ అతిథి గది నుంచీ నమూనాలు తీసుకుని పరీక్షలు చేసింది. ఫలితం వచ్చాక అందర్నీ కూర్చోబెట్టింది. చిటపటక్క చేతిసంచీతో వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది.

"ఇది కాలేయం జబ్బు వైరసే" అంది డాక్టరమ్మ.

"చూశారా! మనవాటికి పాతదే" అన్నాడు పెద్దసారు.

"ఇంటిపేరు అదే సార్. మనిషి వేరు. ఈ వైరస్‌లో రకాలున్నాయి. ఒక రకం ముక్కులోంచి వచ్చి, కాలేయం, మెదడు, ఇల్లంతా కలియదిరుగుతుంది. మన ఎలకలకి అప్పట్లో వచ్చింది అది. ఇంకో రకం దొడ్డిదారిన వంటింట్లో దూరి అక్కడే తిష్ఠవేస్తుంది. పేగులు దాటి ఎక్కడికీ పోదు. ఇప్పుడొచ్చింది ఇది. పెద్ద ఎలకలకి పైకేమీ తెలియదు, పెంటికల్లో మాత్రం వైరస్ పోతూనే ఉంటుంది. పాలు తాగే పిల్లల పేగులు లేతవి, తట్టుకోలేవు. పాత రకాన్ని చూసిన తల్లి పాలలో పాతదాన్ని గుర్తుపట్టే శక్తే ఉంటుంది. ఈ కొత్త మొహాన్ని అది గుర్తుపట్టలేదు."

డాక్టరమ్మ చేతిలో కాయితం తిప్పింది.

"అతిథి గదిలో ఉన్నదీ ఇదే రకం. అక్కడి నుంచి మూడో గదికి ఏదో వెళ్ళింది. ఏం వెళ్ళిందో తెలిస్తే ఇంకే గదులకి పాకిందో తేలుతుంది. లేకపోతే మేడ మొత్తం ఖాళీ చేయాలి."

"టోపీయే అయ్యుంటుంది" అన్నాడు పెద్దసారు, ఈసారి కొంచెం నీరసంగా. "అతిథి గదిలో పెట్టుకున్న టోపీయే మర్నాడు మూడో గదిలో..."

చిటపటక్క లేచి, సంచీలోంచి నీలం టోపీ తీసి బల్లమీద పెట్టింది. అంచున పాలమీగడ చార ఎండి ఉంది. "ఇది ఆ రోజు నుంచి మా అత్తగారి పాలగిన్నె మీద ఉంది సార్. ఇవాళ అడిగితే గిన్నెకి వేరే మూత కొనిపెట్టి తీసుకెళ్ళమంది."

గదంతా ఘొల్లున నవ్వింది. డాక్టరమ్మ కూడా పెదవి కొరుక్కుంది. అంతటితో చిటపటక్క గెలిచినట్టే. కూర్చుని ఉంటే సరిపోయేది. పిల్లల సంగతి తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే, ఒకరు తను, రెండోవారు పెద్దసారు. ఆయన ఆవిడవైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆవిడని అలా చూసింది లేదు. ఆ చూపులో పెద్దరికం లేదు, బతిమాలుకోవడం ఉంది. ఆవిడ కోపమంతా అప్పుడు కట్ట తెంచుకుంది.

"పిల్లలు వెళ్ళాయి డాక్టరమ్మా! అతిథి తల్లి విసిరేసిన పిల్లల్ని తీసి మూడో గదిలో తల్లి కింద కలిపాను. ఈ చేతులతోనే!"

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "అయ్యో అక్కా. వాటి కన్నతల్లి ఈ రకాన్ని చూసింది. దాని పాలలోనే మందుంది. ఆ పాలు తాగినన్నాళ్ళూ వాటికేమీ అయ్యేది కాదు. కడుపులో వైరస్‌తో వాటిని ఆ మందు లేని పాల దగ్గరికి తెచ్చారు."

కాపాడాననుకున్న చేతులే కొంపముంచాయన్నమాట. చిటపటక్క గొంతు మాత్రం తగ్గలేదు.

"తెచ్చాను. కాదనడం లేదు. నా తప్పు నేను మోస్తాను, ఎవరూ సాయం పట్టక్కర్లేదు. కానీ తెమ్మన్న నోరొకటుంది సార్! పరీక్షలు కాలేదన్నాను. నేను చెప్తున్నాగా అన్నారు. ఆ చెప్పిన మాట ఇవాళ ఏమైంది? వరండాలో పదిమంది ముందు నా ఇంట్లో మురికుందన్నారే, ఆ నోటికి ఈ ఒక్క మాట రాలేదా? పిల్లలు పోయాయని మీకు బాధ. నాకు లేదా? మీరు వాటిని అద్దంలోంచి చూశారు. నేను పాలమచ్చ ఉందా లేదా అని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూశాను!"

"నేను ప్రయత్నించి చూడమన్నానంతే..." అన్నాడు పెద్దసారు.

"హస్తవాసి చూపించమన్నారు! చూపించాను! చూశారుగా!"

పెద్దసారు బల్ల మీది టోపీని చూస్తూ, "అవును. నేనే మార్చమన్నాను" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు, కానీ అందరికీ వినిపించింది.

దారి తెలిసింది కాబట్టి మేడ మొత్తం ఖాళీ చేసే అవసరం తప్పింది. అతిథి గది, మూడో గది ఖాళీ చేయాలి. అంటే అందులోని ప్రాణులన్నిటినీ నిద్రపుచ్చి లేవకుండా చేయాలి. వంకరతోకల్ని నిలబెట్టడానికి ఒకటే మార్గం ఉంది. కడుపులో ఉన్నంతవరకూ పిల్లకి ఈ వైరస్ అంటదు. నిండుచూలు ఎలకల పొట్ట కోసి పిల్లల్ని తీసి, కడిగి, అవతలి భవనంలో ఏ జబ్బూ ఎరగని తల్లి కిందకి చేర్చాలి. అక్కడ మళ్ళీ అదే పని. పొట్టు రాయాలి, వాసన మార్చాలి, తల్లిని ఒప్పించాలి.

"అది నువ్వే చేయాలమ్మా" అన్నాడు పెద్దసారు. "నీ చేతిలో అయితేనే..."

"మూడో గదిలో తిరిగిన మనిషి అటు పోకూడదు" అంది చిటపటక్క. "అటు పోయేవాళ్ళు ఇటు చూడకూడదు. పొట్టు ఎలా రాయాలో అవతలివాళ్ళకి నేను గుమ్మం బయట నిలబడి చెప్తాను. ఈ గది నేను ఖాళీ చేస్తాను. వీటికి నా వాసన అలవాటు. కొత్తవాళ్ళు పట్టుకుంటే బెదురుతాయి."

ఒక్కొక్క పెట్టె మూత తీస్తూ ప్రతిదాన్నీ తిట్టింది. మేత మిగిల్చినందుకు తిట్టింది, నీళ్ళు ఒలకబోసినందుకు తిట్టింది, చివర్లో తిట్లు అయిపోయి ఊరికే పేర్లు పెట్టి పిలిచింది. గ్యాసు పెట్టె దగ్గర డాక్టరమ్మ వచ్చి ఆవిడ పక్కనే నిలబడింది. గది ఖాళీ అయ్యాక చిటపటక్క గోడలు కడిగింది, గొట్టాలు కడిగింది, తలుపు పిడి రెండోసారి కడిగింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచింది. అత్తగారు గిల్లలేదు. పాలగిన్నె మీద కొత్త మూతుంది. "ఇది జారిపోతోందే. పాతదే నయం" అంది అంతే.

సీసాలు కడిగే గది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు. అందుకు కొన్నాళ్ళు రోజూ మండిపడి, తర్వాత రోజు విడిచి రోజు మండిపడుతూ ఉండిపోయింది.

అవతలి భవనంలో పిల్లలు బతికాయి. అన్నీ కాదు, చాలినన్ని. వాటి పిల్లలు పరీక్షల్లో శుభ్రమని తేలాక మూడో గదికి తిరిగొచ్చాయి. అవే వంకరతోకలు. చిటపటక్క మొదటి పెట్టె తెరిచి, ఒకదాన్ని అరచేతిలో వెల్లకిలా తిప్పి, పాలమచ్చ చూసి, "నిండా తాగావు, తిండిపోతు మొహమా" అని లోపల పెట్టింది.

ఆ మధ్యాహ్నం పెద్దసారు వాటిని చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలో ఆవిడ అడ్డంగా నిలబడింది. అద్దంలోంచి చూడాలన్నా సరే స్నానం, గౌను, బూట్లకి తొడుగులు, తలకి నీలం టోపీ. అన్నీ అయ్యాయి. ఆయన తల పెద్దది. టోపీ చెవుల మీదికి దిగి, నడినెత్తిన పుట్టగొడుగులా లేచింది. వరండాలో వాళ్ళు మొహాలు తిప్పుకుని భుజాలు కుదిపారు.

"ఏంటమ్మా ఇది" అన్నాడు పెద్దసారు గింజుకుంటూ. "దీంతో నన్ను చూసి అందరూ నవ్వుతున్నారు."

"కూరగాయల బండి దగ్గరికి వెళ్ళండి సార్, ఒక్కరు నవ్వితే ఒట్టు."